జలవిమాన శిల్పి గ్లెన్ కర్టిస్

నీరు మెత్తనిదని మనందరికీ ఒక నమ్మకం. చెరువు గట్టు మీది నుండి పొట్ట నీటికి తగిలేలా దూకిన పిల్లవాణ్ణి అడిగితే ఆ నమ్మకంలో ఎంత నిజముందో చెబుతాడు. నెమ్మదిగా చేయి పెడితే దారి ఇచ్చే నీరు, వేగంగా తాకితే బండరాయిలా ఎదురు నిలుస్తుంది. గాలి కంటే నీటి సాంద్రత సుమారు 800 రెట్లు ఎక్కువ. అలాంటి నీటి మీద వేగంగా పరుగెత్తి గాలిలోకి లేవడం, తిరిగి వచ్చి అదే నీటి మీద క్షేమంగా వాలడం విమానానికి చాలా కష్టమైన పరీక్ష. విమానం ఎంత పెద్దదైతే ఆ పరీక్ష అంత కఠినమవుతుంది. ఆ పరీక్షకు విమానాన్ని మొదట సిద్ధం చేసినవారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశస్థుడైన గ్లెన్ హామండ్ కర్టిస్.

కర్టిస్ 1878వ సంవత్సరం మే 21న న్యూయార్క్ రాష్ట్రంలోని హామండ్స్‌పోర్ట్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. ద్రాక్షతోటల కొండల నడుమ, కియూకా అనే సరస్సు ఒడ్డున ఉన్న ఊరు అది. అతని జీవితంలోని ముఖ్య ఘట్టాలు ఎన్నో ఆ సరస్సు నీటి మీదనే జరిగాయి. నాలుగేళ్ళ వయసులోనే తండ్రిని పోగొట్టుకున్నాడు. చెల్లెలు రుత్తాకు మెదడు పొరల వాపు వ్యాధి సోకి వినికిడి పోయింది. ఆమెను బధిరుల పాఠశాలలో చేర్చడానికి ఆ కుటుంబం రోచెస్టర్ నగరానికి తరలిపోయింది. కర్టిస్ చదువు ఎనిమిదవ తరగతితో ముగిసింది. కొంతకాలం ఫోటో ఫిల్ములు తయారుచేసే ఈస్ట్‌మన్ కర్మాగారంలో పనిచేశాడు. తరువాత సైకిలు మీద తంతి వార్తలు చేరవేసే కుర్రవాడయ్యాడు. వేగం మీద మమకారం అతనికి అక్కడే పుట్టి ఉంటుంది.

1898లో లీనా నెఫ్‌ను వివాహమాడి, సొంత ఊరిలో సైకిళ్ళ దుకాణం పెట్టాడు. కొద్దికాలానికే సైకిలుకు ఇంజను బిగించాలన్న ఆలోచన కలిగింది. మొదటి ప్రయత్నంలో ఇంజనుకు ఇంధనం అందించే కార్బురేటరును టమాటాల డబ్బాతో తయారుచేసుకున్నాడని చెబుతారు. ఉన్న వస్తువుతో పని జరిపించడం, జరగకపోతే ఎందుకు జరగలేదో దగ్గరగా నిలబడి చూడడం అతని పద్ధతి. గ్రంథాలు చదివి నేర్చుకున్నది తక్కువ, కళ్ళతో చూసి నేర్చుకున్నది ఎక్కువ. 1907 జనవరిలో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఆర్మండ్ బీచిలో, ఎనిమిది సిలిండర్ల ఇంజను అమర్చిన మోటారు సైకిలు మీద గంటకు 136 మైళ్ళకు పైగా వేగం సాధించాడు. ఆనాడు భూమి మీద అంత వేగంగా ప్రయాణించిన మనిషి మరొకడు లేడు.

తేలికగా ఉండి బలంగా పనిచేసే అతని ఇంజన్ల పేరు టెలిఫోన్ ఆవిష్కర్త అలెగ్జాండర్ గ్రాహం బెల్ చెవిన పడింది. బెల్ సతీమణి మేబెల్ కూడా వినికిడి లేనిదే. ఆమె ఇచ్చిన ధనంతో 1907లో బెల్ ఒక విమాన పరిశోధన బృందాన్ని స్థాపించి, కర్టిస్‌ను అందులో చేర్చుకున్నాడు. 1908 జులై 4న ఆ బృందం తయారుచేసిన జూన్ బగ్ అనే విమానాన్ని నడిపి, జనం చూస్తుండగా కర్టిస్ సుమారు మైలు దూరం ఎగిరాడు. ఆ తరువాతి ఏడాది ఫ్రాన్సు దేశంలోని రేమ్స్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ విమాన పోటీలో గార్డన్ బెన్నెట్ బహుమతి గెలుచుకున్నాడు. ఈ విజయాలు అతనికి కీర్తితో పాటు వ్యాజ్యాన్నీ తెచ్చిపెట్టాయి. తమ పేటెంటును ఉల్లంఘించాడని రైట్ సోదరులు 1909లో న్యాయస్థానానికి వెళ్ళారు. ఆ తగాదా ఏళ్ళ తరబడి సాగి, 1917లో ప్రభుత్వ ప్రోద్బలంతో పేటెంట్లన్నింటినీ ఉమ్మడి చేసినప్పుడు గాని ముగియలేదు. ఎవరి వాదం ఎంతవరకు న్యాయమన్నది చరిత్రకారులు నేటికీ చర్చించుకొనే విషయం. మన దృష్టి నీటి మీద కనుక దానిని అక్కడే విడిచిపెడదాం.

జూన్ బగ్ ఎగిరిన కొద్ది నెలలకే దాని చక్రాలు తీసివేసి, కింద రెండు సన్నని పడవలు కట్టి, లూన్ అని పేరు మార్చి కియూకా సరస్సులోకి దించారు. లూన్ అంటే ఆ ప్రాంతపు సరస్సులలో కనిపించే ఒక నీటి పక్షి. పేరుకే పక్షి గాని అది ఎగరలేదు. నీటి మీద మంచి వేగంతోనే పరుగెత్తింది, కాని నీటిని వదలలేదు. అదే ఇంజను, అవే రెక్కలు నేల మీద నుండి సులువుగా లేచాయి. మరి నీటి మీద నుండి ఎందుకు లేవలేదు? ఈ ప్రశ్న కర్టిస్‌ను నాలుగేళ్ళు వెంటాడింది.

1910 మే 29న ఆల్బనీ నుండి న్యూయార్క్ వరకు హడ్సన్ నది వెంట సుమారు 150 మైళ్ళు ప్రయాణించి, ఒక పత్రిక ప్రకటించిన 10,000 డాలర్ల బహుమతి పొందాడు. ఇంజను ఆగితే దిగడానికి కింద నది తప్ప వేరే చోటు లేదు. అందుకని విమానం కింద తేలుడు సాధనాలు కట్టుకొని బయలుదేరాడు. అంతకు ముందు ఏడాది విల్బర్ రైట్ కూడా న్యూయార్క్ రేవు మీద ఎగిరినప్పుడు విమానం కింద ఒక చిన్న పడవను కట్టుకున్నాడు. నీటి మీద విపత్తు వస్తే మునగకుండా ఉండడం ఒకటి, నీటినే రన్‌వేగా వాడుకోవడం వేరొకటి. రెండవ పనిని ముందుగా సాధించినవాడు ఫ్రాన్సు దేశస్థుడైన ఆన్రీ ఫాబ్ర్. అతడు 1910 మార్చి 28న నీటి మీద నుండి లేచి మళ్ళీ నీటి మీద దిగాడు. అయితే ఆ విమానం నిత్యం వాడుకోదగిన యంత్రంగా ఎదగలేదు.

కర్టిస్ 1911 ఆరంభంలో కాలిఫోర్నియాలోని శాన్‌డియాగో తీరాన మకాం వేశాడు. రోజూ విమానానికి ఏదో ఒక రకం ఫ్లోటు, అనగా తేలే పెట్టె, బిగించడం, నీటిలోకి దించడం, విఫలమై బయటికి లాగడం, మళ్ళీ మార్చడం. చలి నీటిలో నడుము లోతున నిలబడి పనిచేయవలసి వచ్చేది. జనవరి 26న అతని విమానం నీటిని వదిలి గాలిలోకి లేచింది. కొద్ది రోజులలోనే రెండు ఫ్లోట్లకు బదులుగా 12 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గల ఒకే ఒక చదునైన ఫ్లోటు అమర్చి మెరుగైన ఫలితం సాధించాడు. ఫిబ్రవరి 17న పెన్సిల్వేనియా అనే యుద్ధనౌక పక్కకు ఎగిరి వెళ్ళి నీటి మీద దిగాడు. నావికులు విమానాన్ని క్రేనుతో నౌకపైకి ఎత్తి, తిరిగి నీటిలోకి దించారు. నౌకాదళానికి విమానం ఎందుకు పనికివస్తుందో ఆ రోజు కొంత అర్థమయింది.

అదే నెల చివరి వారంలో ఆ విమానానికి చక్రాలు కూడా అమర్చాడు. అవసరమైనప్పుడు దించుకొని, అక్కరలేనప్పుడు పైకి ఎత్తుకోగల చక్రాలవి. నేల, నీరు, గాలి మూడింటా తిరుగుతుంది కనుక దానికి ట్రయాడ్ అని పేరు పెట్టాడు. జీవశాస్త్ర పాఠంలో కప్పను ఉభయచరం అని చదువుకున్నాం. ఆ మాటకు తగిన తొలి విమానం ఇదే. ఈ సదుపాయంతో పాటు ఒక కొత్త ప్రమాదమూ పుట్టింది. చక్రాలు దించి ఉంచి నీటి మీద వాలితే, అవి నీటిలో దిగబడి విమానాన్ని ముందుకు పల్టీ కొట్టిస్తాయి. చక్రాలు ఎత్తి ఉంచి నేల మీద వాలితే అడుగు గీసుకుపోతుంది గాని తరచుగా ప్రాణాలు దక్కుతాయి. అందువల్లనే ఉభయచర విమానం నడిపేవాడు దిగబోయే ప్రతిసారీ, దిగేది నేల మీదనా నీటి మీదనా అని తనను తాను ప్రశ్నించుకొని చక్రాలు చూసుకుంటాడు. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుండి శ్రీశైలం జలాశయానికి ప్రయోగాత్మకంగా ఎగిరిన చిన్న జలవిమానం కూడా ట్రయాడ్ వంశానికి చెందినదే.

ఫ్లోటు కట్టిన విమానంతో కర్టిస్‌కు తృప్తి కలగలేదు. మనిషి గాలికి, తుంపరలకు గురి అవుతూ బయట కూర్చోవలసి వస్తుంది. బరువు పెరిగితే ఫ్లోటు చాలదు. విమానపు దేహమే పడవ అయితే ఎలా ఉంటుందని ఆలోచించాడు. 1912 జనవరిలో చేసిన మొదటి పడవ విమానం ఆశించిన ఫలితం ఇవ్వలేదు. ఆ వేసవిలో కియూకా సరస్సులో దించిన రెండవది కూడా లూన్ వలెనే పరుగెత్తింది, నీటిని వదలలేదు. అప్పుడు కర్టిస్ మోటారు పడవ ఎక్కి, పరుగెత్తుతున్న విమానం పక్కనే తాను కూడా వెళుతూ, దాని అడుగును గమనించాడు. అసలు సంగతి అక్కడ కనిపించింది.

పడవ అడుగు ముందు నుండి వెనుక దాకా ఒకే నునుపు పలకగా ఉంది. వేగం పెరిగే కొద్దీ ముందు భాగం నీటిపైకి లేస్తున్నది. వెనుక భాగాన్ని మాత్రం నీరు అంటిపెట్టుకొని కిందికి గుంజుతున్నది. తడిసిన గాజు పలకలు రెండు అతుక్కుపోతే నిలువుగా ఊడదీయడం ఎంత కష్టమో మనకు తెలుసు. పైకి లేవాలని విమానం ముక్కు ఎత్తినప్పుడల్లా తోక మరింత నీటిలోకి దిగి, ఆ పట్టు ఇంకా బిగుస్తున్నది. దీనికి విరుగుడుగా కర్టిస్ పడవ అడుగున సగం దూరాన కొయ్య దిమ్మెలు బిగించి, అక్కడ మెట్టు వంటి ఒక తెంపు కల్పించాడు. నీరు ఆ మెట్టు అంచు దాకా వచ్చి అక్కడ తెగిపోతుంది. దాని వెనుక గాలి చొరబడుతుంది. వెనుక భాగం పొడిగా పైకి తేలుతుంది, ముక్కు ఎత్తడానికి చోటు దొరుకుతుంది. విమానం లేచింది. ఈ మెట్టు ఆలోచన కర్టిస్ ఒక్కడిదే అనడం సరికాదు. వేగపు మోటారు పడవలలో అటువంటివి అంతకు ముందే ఉన్నాయి. నౌకాదళ ఇంజనీరు హోల్డెన్ రిచర్డ్‌సన్ వంటివారు కూడా ఇదే దిశగా కృషి చేశారు. అయినా పని చేసి చూపిన పడవ విమానం కర్టిస్ చేతుల మీదుగా వచ్చింది. 1911కు, 1912కు వరుసగా రెండుసార్లు కోలియర్ బహుమతి అతనికే లభించింది.

లేవడం కంటే వాలడంలో ఆపద ఎక్కువ. వేగం రెట్టింపయితే నీటి దెబ్బ నాలుగు రెట్లవుతుంది. చదునైన అడుగు అయితే ఆ దెబ్బ అంతా ఒక్క క్షణంలో తగిలి పలకలు పగులుతాయి. అడుగును నాగలి కర్రు వలె మధ్యలో కోసుగా చేస్తే నీరు రెండు పక్కలకు చీలి దెబ్బ మెత్తబడుతుంది, కాని ఆ ఆకారం లేచేటప్పుడు ఎక్కువ శక్తిని కోరుతుంది. ముక్కు ఎక్కువ దించితే పడవ నీటిలోకి గుచ్చుకుంటుంది. ఎక్కువ ఎత్తితే విమానం నీటి మీద ఎగిరెగిరి పడుతూ అదుపు తప్పుతుంది. నీరు కదలకుండా అద్దంలా ఉన్న రోజు దిగడం సులభమని మనం అనుకుంటాం. నిజానికి అటువంటి రోజున పైలటుకు తాను ఎంత ఎత్తులో ఉన్నదీ కంటికి ఆనదు. చిన్న అలలు ఉన్న నీరే అతనికి మేలు.

1914లో ధనికుడైన రాడ్‌మన్ వానమేకర్ అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటగల విమానం చేయమని కర్టిస్‌ను కోరాడు. అలా రూపొందినదే అమెరికా అనే రెండు ఇంజన్ల పడవ విమానం. దానిని నడపడానికి బ్రిటిష్ నౌకాదళాధికారి జాన్ సిరిల్ పోర్ట్ వచ్చాడు. జూన్ 22న కియూకా ఒడ్డున నామకరణం జరిగింది. ఆచారం ప్రకారం పడవ ముక్కుకు కొట్టిన షాంపేన్ సీసా పగలకపోవడంతో చివరికి సుత్తితో పగలగొట్టవలసి వచ్చింది. విమానం నీటిలోకి దిగాక అసలు చిక్కు బయటపడింది. ఇంజన్లు పడవకు చాలా ఎత్తున ఉన్నాయి. వాటికి పూర్తి శక్తి ఇవ్వగానే అవి పైనుండి ముందుకు తోయడం వల్ల పడవ ముక్కు నీటిలోకి దూరిపోతున్నది. చిన్న విమానంలో అంతగా కనబడని దోషం పెద్ద విమానంలో ప్రాణాంతకమయింది. కర్టిస్ బృందం వారాల తరబడి పడవకు ఇరుపక్కలా రకరకాల రెక్కపలకలు అతికించి, తీసి, మళ్ళీ అతికించి ముక్కును పైకి నిలబెట్టగలిగింది. ఆగస్టులో ప్రయాణం అనుకున్నారు. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది. పోర్ట్ స్వదేశానికి తిరిగి వెళ్ళాడు. అమెరికా విమానాన్ని బ్రిటిష్ నౌకాదళం కొనుగోలు చేసింది. ఉత్తర సముద్రపు కెరటాలకు ఆ పడవల అడుగులు తట్టుకోలేకపోతున్నాయని గ్రహించిన పోర్ట్, కోసు అడుగుతో దృఢమైన పడవలు నిర్మించాడు. సరస్సులో పుట్టిన విమానానికి సముద్రం నేర్పిన పాఠమది.

1917లో జలాంతర్గాముల బెడద తీవ్రమైనప్పుడు అమెరికా నౌకాదళం కర్టిస్‌ను పిలిపించింది. ఓడలలో పంపకుండా తమంతట తామే మహాసముద్రం దాటి వెళ్ళగల విమానాలు వారికి కావాలి. నౌకాదళ ఇంజనీర్లు, కర్టిస్ సంస్థ కలిసి ఎన్.సి. అనే తరగతి విమానాలను రూపొందించారు. ఈ రెండక్షరాలు నేవీ, కర్టిస్ అనే మాటలకు పొడి అక్షరాలు. రెక్కల విస్తృతి 126 అడుగులు. 400 అశ్వశక్తి గల లిబర్టీ ఇంజన్లు నాలుగు. చక్రాలు లేవు, ఇది కేవలం నీటి విమానం. పడవను ఉద్దేశపూర్వకంగా పొట్టిగా చేసి, తోకను బద్దీల మీద ఎత్తున నిలిపారు. కెరటాలు తోకకు తగలకుండా ఆ ఏర్పాటు. పడవ ఆకారం రిచర్డ్‌సన్ రూపొందించాడు. మొదటి విమానం 1918 అక్టోబరులో ఎగిరింది. మరుసటి నెలలోనే యుద్ధం ముగిసింది. అయినా నౌకాదళం అట్లాంటిక్ యాత్రను మానుకోలేదు.

1919 మే 16 సాయంకాలం న్యూఫౌండ్‌లాండ్ నుండి మూడు విమానాలు అజోర్స్ దీవుల వైపు బయలుదేరాయి. దారి పొడవునా నౌకాదళం ఓడలను వరుసగా నిలిపింది. రాత్రి బాగానే గడిచింది. తెల్లవారిన తరువాత దట్టమైన పొగమంచు కమ్మింది. దారి తెలియని ఎన్.సి.-1, ఎన్.సి.-3 విమానాల నాయకులు, నీటి మీద దిగి తామెక్కడ ఉన్నామో లెక్కకట్టుకొని మళ్ళీ ఎగరవచ్చునని భావించారు. పైనుండి చూస్తే సముద్రం నెమ్మదిగా ఉన్నట్లే కనిపించింది. దగ్గరకు వచ్చాక గాని కొండల్లాంటి పొంగులు కానరాలేదు. అప్పటికి సమయం మించిపోయింది. దిగిన క్షణంలోనే రెండూ దెబ్బతిన్నాయి, ఇక లేవలేకపోయాయి. ఎన్.సి.-1 సిబ్బందిని అయోనియా అనే గ్రీకు సరుకు నౌక కాపాడింది. ఆ విమానం తరువాత మునిగిపోయింది. ఎన్.సి.-3 గాలికి ఎదురు తిరిగి, తోక ముందుగా, తెరచాప పడవ వలె సుమారు 200 మైళ్ళు కొట్టుకుపోయింది. ఎడమ రెక్క కింది తేలుడు పెట్టె ఊడిపోయినప్పుడు సిబ్బంది వంతులవారీగా కుడి రెక్క మీదికి పాకి బరువు సరిచూశారు. ఆ విమానపు పైలటు ఎవరో కాదు, పడవ ఆకారాన్ని రూపొందించిన రిచర్డ్‌సనే. తాను గీసిన పడవ అడుగు ఎంత దెబ్బకు ఓర్చుకుంటుందో రెండు రోజులకు పైగా అందులోనే కూర్చుని చూసిన ఇంజనీరు బహుశః మరొకడు ఉండడు. మే 19న అది తన ఇంజన్లతోనే పోంటా డెల్గాడా రేవు చేరింది.

మూడవదైన ఎన్.సి.-4 ప్రయాణం ఆరంభంలో అందరికంటే వెనుకబడింది. న్యూయార్క్ నుండి వచ్చేటప్పుడే ఇంజన్లు చెడి సముద్రంలో దిగి, రాత్రంతా నీటి మీదనే నడిచి ఒడ్డు చేరింది. పొగమంచులో మాత్రం దాని నాయకుడు ఆల్బర్ట్ రీడ్ నీటిపై దిగకుండా గాలిలోనే కొనసాగాడు. 15 గంటల 18 నిమిషాలలో అజోర్స్‌లోని హోర్టా రేవు చేరాడు. మే 27న లిస్బన్ చేరి, అట్లాంటిక్ దాటిన తొలి విమానంగా ఎన్.సి.-4ను చరిత్రకు ఎక్కించాడు. గెలిచిన విమానానికీ ఓడిన రెండింటికీ నిర్మాణంలో చెప్పుకోదగిన తేడా లేదు. నడిసముద్రంలో దిగకపోవడమే తేడా.

ఈ విషయం నేటికీ మారలేదు. చైనా నిర్మించిన ఏజీ600 అనే మహా ఉభయచర విమానపు రెక్కల విస్తృతి 38.8 మీటర్లు, ఎన్.సి. విమానాలకంటే అర మీటరు కూడా ఎక్కువ కాదు. బరువు మాత్రం నాలుగింతలు. 2018లో జలాశయం మీద నుండి లేచిన ఆ విమానం, సముద్రపు నీటి మీద నుండి లేచింది 2020లో. ముందు ప్రశాంత జలం, తరువాత సముద్రం. దాని అడుగున కూడా మెట్టు ఉంది.

యుద్ధకాలంలో శిక్షణ విమానాలను వేల సంఖ్యలో తయారుచేసిన కర్టిస్ సంస్థ అపారంగా పెరిగింది. స్వభావరీత్యా మితభాషి అయిన కర్టిస్‌కు పెద్ద సంస్థల లెక్కలు, సమావేశాలు రుచించలేదు. 1920 తరువాత క్రమంగా తప్పుకొని ఫ్లోరిడాలో స్థిరపడి, హయలియా, మయామి స్ప్రింగ్స్, ఓపలోకా అనే పట్టణాల నిర్మాణంలో పాలుపంచుకున్నాడు. 1929లో అతని సంస్థ రైట్ పేరిట ఉన్న సంస్థతో విలీనమై కర్టిస్-రైట్ అయింది. ఇన్నేళ్ళు న్యాయస్థానాలలో తలపడిన రెండు పేర్లు ఒకే పలక మీదికి చేరాయి. మరుసటి ఏడాది బఫెలో నగరంలో అపెండిసైటిస్‌కు శస్త్రచికిత్స జరిగాక, ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడడంతో 1930 జులై 23న కర్టిస్ హఠాత్తుగా కన్నుమూశాడు. అప్పటికి అతని వయస్సు 52 సంవత్సరాలు. పార్థివదేహాన్ని హామండ్స్‌పోర్ట్‌కు తీసుకువచ్చి ప్లెజంట్ వ్యాలీ శ్మశానవాటికలో ఖననం చేశారు. ఎన్.సి.-4 విమానం ఫ్లోరిడాలోని పెన్సకోలా నౌకాదళ విమాన ప్రదర్శనశాలలో భద్రంగా ఉంది.